సారీ వెనక్కి తీసుకోవచ్చా?

గన్నవరం దగ్గర కేసరపల్లిలో మా అత్తగారిల్లు. వేసవి సెలవులకు వస్తే రాత్రిళ్ళు మేడ మీదే పడకలు. గన్నవరంలో దిగే విమానాలను లెక్కపెట్టడం పిల్లల ఆట.

ఈసారి బావగారి అబ్బాయి బీసెంట్ రోడ్డులో పచ్చ లేజర్ లైటు కొనుక్కొచ్చాడు. ముందు కొబ్బరాకుల మీద వేశాడు, తర్వాత ఎదురింటి వాటర్ ట్యాంకు మీద. విమానం చప్పుడు వినగానే చెయ్యి పైకి లేచింది. పన్నెండేళ్ళ మావాడు ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు.

"అన్నయ్యా, అది నేరం! జైల్లో వేస్తారు!"

"మీ అమెరికా రూల్స్ ఇక్కడెందుకురా?" అని వాడు నవ్వాడు. పెద్దవాడి మీద చెయ్యి చేసుకోవడమేమిటని అత్తయ్య మొహం ముడుచుకుంది. నేను అలవాటుగా మావాణ్ణే కసిరి సారీ చెప్పించాను. తప్పెవరిదో తెలిసీ.

మేముండే ఇర్వింగ్ ఊరు డల్లాస్ విమానాశ్రయం పక్కనే. వాడికి ఇదంతా స్కూల్లో చెప్పారు. అమెరికాలో 2012 నుంచి విమానం మీద లేజర్ వేయడం ఫెడరల్ నేరం. అయిదేళ్ళ దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. అయినా 2023లో అలాంటి ఫిర్యాదులు 13,000 దాటాయి. ఈ లెక్కలు మేడ మీద ఎవరి చెవికెక్కుతాయి?

బావగారు కిందికెళ్ళి తన పాత హెల్మెట్ తెచ్చారు. అద్దం నిండా గీతలే. కొడుకు తలకు తొడిగి, సెల్‌ఫోన్ టార్చి ఎదురుగా వేశారు.

"ఏం కనిపిస్తోంది?"

"ఏం లేదు నాన్నా, అంతా తెలుపే."

"హైవే మీద ఎదురొచ్చే లారీ లైటు డిమ్ చెయ్యకపోతే నాకూ అంతే. నేనైతే బండి పక్కకి ఆపుతా. దిగే విమానాన్ని పైలట్ ఎక్కడ ఆపుతాడ్రా?"

అప్పుడు మావాడికి నోరు పెగిలింది. ఇక్కడ ఆవగింజంత చుక్క కిలోమీటరు దూరం పోయేసరికి మీటరు వెడల్పు కావచ్చట. కాక్‌పిట్ అద్దానికి తగిలి చెదిరి లోపలంతా వెలుగైపోతుందట. పచ్చరంగు మన కంటికి ఎరుపు కంటే బాగా కొడుతుందట, ఆ తర్వాత కూడా కాసేపు మచ్చలే కనిపిస్తాయట. "విచ్చుకోవడం" అన్న మాట దొరక్క రెండు చేతులూ గొడుగులా విప్పి చూపించాడు. వాళ్ళన్నయ్య నవ్వలేదు. లేజర్ తీసుకెళ్ళి నాయనమ్మ చేతికిచ్చేశాడు.

పడుకోబోతూ మావాడు నా చెవిలో అడిగాడు: "అమ్మా, నా సారీ వెనక్కి తీసుకోవచ్చా?"

"కొట్టినందుకు ఉంచు. మిగతాది తీసేసుకో," అన్నాను.