గులకరాళ్ల నేలలో తెల్ల వైన్

"బోర్డో అంటే ఎర్ర వైనే కదరా, తెల్లదాని కోసం ఇంత దూరం ఎందుకు?" అన్నాడు బావ రైల్లో. భీమవరం నుంచి వచ్చి పది రోజులైంది, ఫ్రాన్స్‌లో, తులూజ్‌లోని మా ఇంట్లో కూర్చుని విసుగెత్తింది ఆయనకి. మేముండే చోటు నుంచి బోర్డోకి రైల్లో రెండు గంటల పైచిలుకు, అంతే.

బోర్డోలో ట్రామెక్కి పెసాక్‌లో దిగితే అపార్ట్‌మెంట్ల మధ్యలోనే ద్రాక్షతోటలు కనిపిస్తాయి. అక్కడినుంచి ట్యాక్సీలో లెయోన్యాన్ వైపు వెళ్లాం. తోటలో మట్టి కంటే రాళ్లే ఎక్కువ. గరోన్ నది ఎప్పుడో తెచ్చిపోసిన గులకరాళ్లు. ఈ ప్రాంతానికి గ్రావ్ అనే పేరే వాటివల్ల వచ్చింది. అందులో ఉత్తరపు ముక్కని 1987లో పెసాక్-లెయోన్యాన్ అని విడదీశారు. బావ ఒక రాయి తీసి జేబులో వేసుకున్నాడు.

గిడ్డంగిలో వరసగా ఓక్ చెక్క పీపాలు, ఒక్కోటి 225 లీటర్లు. ద్రాక్షరసం పులిసేది కూడా వాటిలోనే. పులిశాక అడుగుకి చేరిన ఈస్ట్ మడ్డిని తీసేయకుండా అప్పుడప్పుడు కర్రతో కలుపుతారు. వైన్‌కి మీగడలాంటి నునుపు దానివల్లే వస్తుందట.

రెండు గ్లాసులు పోశారు. మొదటిది 2021 పంటది. ఆ ఏడు ఏప్రిల్‌లో మంచు దెబ్బ, తర్వాత చల్లటి వేసవి. పులుపు నిలిచింది కాబట్టి తెల్ల వైన్లకి మాత్రం అది కలిసొచ్చిన సంవత్సరం. ద్రాక్ష రకాల్లో సోవిన్యోన్ బ్లాంక్ ఎక్కువ, సెమియోన్ తక్కువ. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోసినట్టున్నారు, ముక్కుకి ఏమీ అందలేదు. చేతుల మధ్య గ్లాసు పట్టుకుని పది నిమిషాలు ఆగాం.

అప్పుడు తెలిసింది. గైడ్ చెప్పిన పూల పేర్లు నేనెప్పుడూ వాసన చూసినవి కావు, కాబట్టి నా లెక్క నాది. ముందు దబ్బాకు నలిపిన వాసన, అది సోవిన్యోన్‌ది. వెనకే వేయించిన జీడిపప్పు, వెనీలా, కాస్త కొబ్బరి లౌజు. అదంతా కొత్త ఓక్. నోట్లో పోసుకుంటే తీపి బొత్తిగా లేదు, పులుపు సూటిగా తగిలింది, మింగాక చిగుళ్ల దగ్గర సన్నటి వగరు. బాగుంది, కానీ దబ్బాకు ఒక పక్కన, కొబ్బరి ఒక పక్కన నిలబడ్డాయి. చెక్క మోత ఎక్కువైంది.

"కలిపిన రోజు ఆవకాయలా ఉందిరా. ఆవపిండి వేరు, ముక్క వేరు. ఇంకా ఊరలేదు" అన్నాడు బావ. గైడ్‌కి ఫ్రెంచిలో ఎలా చెప్పాలో తోచక నవ్వి ఊరుకున్నాను. రుచి చూసిన వైన్ ఉమ్మడానికి పెట్టిన బకెట్ వంక మాత్రం బావ చివరిదాకా చూడలేదు. డబ్బులిచ్చి ఉమ్మేదేంటని.

రెండోది అదే తోటది, 2014. రంగు లేత బంగారం. ఇందులో ఓక్‌ని వెతుక్కోవాల్సి వచ్చింది. తేనె, కొవ్వొత్తి మైనం, ఎండబెట్టిన నారింజ తొక్క. వయసు మీద సెమియోన్ ఇలా మారుతుందని విన్నానుగానీ నోటితో తెలుసుకోవడం అదే మొదలు. పులుపు ఇంకా ఉంది, కాకపోతే వెన్నెముకలా లోపల. మింగి మాట్లాడుతుంటే కూడా రుచి నాలుక మీదే ఉండిపోయింది. నన్నడిగితే మొదటిదానికి పదికి ఆరున్నర, దీనికి తొమ్మిది.

2014 అమ్మకానికి లేదన్నారు. చేసేదేముంది, 2021 సీసా ఒకటి కొన్నాం. దాన్ని రైల్లో ఒళ్లో పెట్టుకుని, లేబుల్ మీద పెన్నుతో "2028 దాకా ముట్టుకోవద్దు" అని రాసిచ్చాడు బావ. అప్పటికి మళ్లీ వస్తాడట.