పులికాట్‌లో నా చెప్పు పోయిన వైనం

నిన్న రాత్రే కావలికి తిరిగొచ్చాను. ప్యాంటుకు పట్టిన బురద ఇంకా వదల్లేదు.

నేలపట్టు పక్షుల కేంద్రం చూడటం తేలిక. దొరవారిసత్రం దగ్గర హైవే దిగితే చాలు. చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూడబాతుల (పెలికాన్ల) గూళ్లే. మేతకు పులికాట్ సరస్సు దాకా పోయి, వచ్చి పిల్లలకు పెడతాయి. వాటి రెట్టలు కలిసిన నీళ్లు పొలానికి ఎరువని ఊరివాళ్లు వాటి జోలికి పోరు. వాచ్ టవర్ ఎక్కి దిగితే అయిపోయింది.

పరువు పోయింది రాజహంసల దగ్గర. ఫ్లెమింగోలను మావైపు అట్లనే అంటాం. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. (2022లో సూళ్లూరుపేటను తిరుపతి జిల్లాలో కలిపారు, మాకు మాత్రం ఇప్పటికీ నెల్లూరే.) డిసెంబర్‌లో పోతే ఒక్కటీ లేదు. ఈశాన్య రుతుపవనాల వానలకు సరస్సు నిండి ఉంటుంది, అవేమో కాళ్లు ఆనే లోతులోనే మేస్తాయి. నీళ్లు తీసే దాకా, అంటే జనవరి, ఫిబ్రవరి దాకా ఆగాలి. ఆ ముక్క చెప్పకుండా మా ఆటో ఆయన రానూపోనూ బాడుగ ముందే పుచ్చుకున్నాడు. బేరం ఆడేముందు "పక్షులు దిగాయా?" అని టీ కొట్టులో అడగండి, ఆటోవాళ్లను కాదు.

ఈసారి దిగాయి. నేనే మిట్టమధ్యాహ్నం పోయాను. నీళ్ల మీద ఎండ అలలాడుతుంటే బైనాక్యులర్‌లో అన్నీ వణికే గీతలే. దగ్గరికి పోదామని కట్ట దిగాను. పైన ఎండి పగుళ్లిచ్చిన నేల, నాలుగో అడుగుకు మోకాలి దాకా దిగబడింది. కాలు లాగితే చెప్పు లోపలే ఉండిపోయింది. హంసలన్నీ ఒక్కసారి లేచి రెక్కల కింద ఎరుపు చూపించి పోయాయి. వల సర్దుకుంటున్న పెద్దాయన నవ్వి, "వాటి వేళ్ల మధ్య తోలుంటాది సామీ, దిగబడవు. నీకుందా?" అన్నాడు.

ఆయన చెప్పినట్టే మర్నాడు పొద్దున ఆరున్నరకు పోయి బండిలోనే కూర్చున్నా. బండికి బెదరవు, తలుపు దబాలున వేస్తే బెదురుతాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి రోడ్డుకు ఉత్తరం వైపు వాటినే చూడండి, రంగు తెలుస్తుంది. దక్షిణం వైపువి నల్లటి నీడలే. తల తిరగేసి ముక్కుతో బురదనీళ్లు వడగట్టుకోవడం అరగంట చూశా.

తిరుగుదారిలో చేపల పులుసు. బోర్డు మీద నెల్లూరు అని ఉంటే సరిపోదు. మామిడికాయ వేశారా, ఎప్పుడు వండారు అని అడగండి. "ఇప్పుడే దించాం సార్" అంటే రాత్రికి రండి. ముక్కకు పులుపు పట్టడానికి పూట పడుతుంది. నాకు నిన్నటిదే పెట్టారు, రెండోసారి అన్నం అడిగి తిన్నా, కాళ్లకు హవాయి చెప్పులతోనే.