రెండు గీతల మధ్య రంగు: నా ఎండల చార్ట్

మే 12

బాల్కనీలో ఉత్తరం గోడకు గరిష్ఠ-కనిష్ఠ థర్మామీటర్ తగిలించి ఏడాది దాటింది. రోజూ ఉదయం 7 గంటలకు రెండు అంకెలు నోట్‌బుక్‌లో రాస్తాను. ఖమ్మం ఎండల గురించి కొత్తగా చెప్పేదేం లేదు. నాకు కావాల్సింది రాత్రి లెక్క. పగలంతా ఎక్కిన వేడి తెల్లారేసరికి ఎంత దిగుతోంది? అది కనిపించాలంటే పగటి గీతకూ రాత్రి గీతకూ మధ్యనున్న జాగాలో రంగు నింపాలి. వెబ్‌పేజీల్లో చార్టులు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) చార్ట్.జెఎస్‌తో మొదలుపెట్టాను.

ముందు రెండు గీతలకూ రంగు నింపే 'ఫిల్' సెట్టింగ్ దగ్గర ట్రూ అని ఇచ్చాను. రంగులు రెండూ అడుగుదాకా దిగి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ట్రూ అంటే సున్నా దాకా నింపమని అర్థం. నాకు కావాల్సింది పక్క గీత దాకా. కనిష్ఠాన్ని జాబితాలో ముందు, గరిష్ఠాన్ని తర్వాత పెట్టి, గరిష్ఠానికి మాత్రమే '-1' ఇచ్చాను. అంటే తన ముందున్న గీత దాకా నింపు అని. దీనికి కొటేషన్ గుర్తులు ఉండాల్సిందే. అవి లేకుండా ఉత్త అంకె ఇస్తే రంగే పడదు. రంగు గాఢత 0.25 దగ్గర పెడితే వెనక గళ్లు కూడా కనిపిస్తున్నాయి.

మే 13

పేజీ త్వరగా తెరుచుకోవాలని లైబ్రరీలో అవసరమైన ముక్కలే ఇంపోర్ట్ చేశాను. గీతలు వచ్చాయి, రంగు పోయింది. బ్రౌజర్‌లో తప్పులు చూపించే కన్సోల్ తెరిస్తే, రంగు నింపే ముక్క ఫిల్లర్ ప్లగిన్ లేదన్న హెచ్చరిక. దాన్ని ఇంపోర్ట్ చేసి రిజిస్టర్ చేయగానే రంగు తిరిగొచ్చింది.

మే 19

పెళ్లికని ఊరెళ్లి మూడు రోజులు రీడింగ్ తీయలేదు. నోట్‌బుక్ అంకెలు టైపు చేసే ఫైల్లో ఆ గళ్లు ఖాళీగా వదిలేశాను. చార్ట్ తెరిస్తే గుండె ఆగినంత పనైంది. మే నెల మధ్యలో రెండు గీతలూ నిట్టనిలువునా సున్నా డిగ్రీలకు పడిపోయి మళ్లీ లేచాయి! జావాస్క్రిప్ట్‌లో ఖాళీ గడిని 'నంబర్'తో అంకెగా మారిస్తే సున్నా వస్తుంది. ఖాళీ అయితే నల్ (విలువ లేదు అని) పంపమని ఒక వరుస రాశాక ఆ మూడు రోజులూ తెల్లగా మిగిలాయి. 'స్పాన్‌గ్యాప్స్' పెడితే గీత కలిసిపోతుంది కానీ పెట్టను. చూడని రోజును చూసినట్టు గీయడం నాకు నచ్చదు.

అందుకే గీతల వంపు కూడా తీసేశాను. వంపు ఎంతో చెప్పే 'టెన్షన్' 0.4 ఇస్తే చూడ్డానికి బాగుంది కానీ, 42 దాకా వెళ్లిన రోజున వంపు దాని పైకి ఉబ్బింది. ఇప్పుడు టెన్షన్ సున్నా.

మే 28

రోహిణి కార్తె వచ్చి నాలుగు రోజులైంది. 25న గరిష్ఠం 43, కనిష్ఠం 30. 26న 43, 31. రంగు పట్టీ సన్నబడి పైకి జరిగింది. అమ్మకు ఫోన్లో చూపిస్తే వేలు పెట్టి, "ఈ సన్నగా ఉన్నవే కదరా, మనకు నిద్ర పట్టని రాత్రులు?" అంది. సరిగ్గా అదే. అయితే సన్నబడినప్పుడల్లా ఉక్క అనుకోకూడదు. వాన పడిన 16న 33, 24. అప్పుడూ పట్టీ సన్నమే, కానీ కింద ఉంది. వెడల్పుతో పాటు ఎత్తూ చూడాలి.

జూన్ 2

రెండో చార్ట్: ఈ ఏటి గరిష్ఠం, నిరుటి గరిష్ఠం. ఇవి ఒకదాన్నొకటి దాటుకుంటాయి కాబట్టి ఒక రంగు చాలదు. ఫిల్‌లో 'టార్గెట్'గా నిరుటి గీతను, 'అబవ్'కు ఎరుపును, 'బిలో'కు నీలాన్ని ఇచ్చాను. గీతలు దాటుకున్న చోట రంగు దానంతటదే మారింది. గీతల చార్టులకు ఆద్యుడైన విలియం ప్లేఫెయిర్ 1786లోనే ఇంగ్లండ్‌కు డెన్మార్క్, నార్వేలతో నడిచిన ఎగుమతి, దిగుమతుల గీతల మధ్య ఇలాగే రంగు నింపి, లాభం ఎటువైపో చూపించాడు. చేత్తో గీసిన ఆ పటం ఎదురుగా పెట్టుకునే ఈ రంగులు సరిచూసుకున్నాను.

నిరుటి నోట్‌బుక్‌లో జూన్ పేజీలు ఇంకా టైపు చేయాలి. తొలకరి పడేలోపు అవి ఎక్కితే, పట్టీ ఏ రోజున కిందికి దిగిందో రెండేళ్లదీ పక్కపక్కనే చూసుకోవచ్చు.