షింగ్‌యీ ప్రాక్టీస్ అప్‌డేట్: సాన్‌తీ, బెంగ్ చువాన్, వెనక కాలు

షింగ్‌యీ అనే చైనా మార్షల్ ఆర్ట్‌లో ఈ నెలంతా కొత్తది ఏదీ ముట్టుకోలేదు, సాన్‌తీ స్టాన్స్ (మొదట నేర్చుకునే నిలబడే భంగిమ), బెంగ్ చువాన్ అనే పంచ్, అంతే. షింగ్‌యీలో ఐదు ఎలిమెంట్ల పంచ్‌లు ఉన్నాయి, పీ, జువాన్, బెంగ్, పావ్, హెంగ్ అని, అందులో నాకు బెంగ్ అంటే ప్రాణం, చూడ్డానికి ఉత్త స్ట్రెయిట్ పంచే కానీ దాని బలమంతా వెనక కాల్లో ఉంటుంది.

ముందు స్టాన్స్. బరువు 60 నుంచి 70 శాతం వెనక కాలి మీద, ముందు పాదం సూటిగా, వెనక పాదం దాదాపు 45 డిగ్రీలు బయటికి. ముందు చేతి వేళ్లు ముక్కు ఎత్తులో, వెనక చెయ్యి బొడ్డు దగ్గర. ముక్కు, వేలి కొస, ముందు కాలి బొటనవేలు మూడూ ఒకే గీతలో ఉండాలి, నేల మీద టేప్ అంటించుకుని అద్దం ముందు నిలబడితే ఎటు వంగుతున్నామో ఇట్టే తెలుస్తుంది. ఫోన్‌లో రెండు నిమిషాల టైమర్, తర్వాత కాలు మార్చడం. తొడలు వణికితే పర్లేదు, మోకాలి నొప్పి వస్తే మాత్రం ఆపేయాలి, వెనక మోకాలు ఆ పాదం చూసే వైపే ఉండాలి, లోపలికి పడనివ్వొద్దు.

ఇక అడుగు. ముందు కాలిని విసరకూడదు, వెనక పాదంతో నేలని నెడితే అదే ముందుకి పోతుంది, అది నేలకి ఆనేసరికి పిడికిలి కూడా చేరిపోవాలి, వెంటనే వెనక కాలు సగం అడుగు వచ్చి కలవాలి, మోచెయ్యి పక్కటెముకల్ని రాసుకుంటూ వెళ్లాలి, పిడికిలి నిలువుగా. ఎప్పుడూ ఎడమ కాలే ముందు, చేతులే మారతాయి. డాబా మీద బట్టలారేసే తాడుని తల కన్నా కాస్త పైకి కట్టుకుని దాని కిందే నడుస్తున్నా, అడుగులో పైకి లేస్తే తాడు తగులుతుంది, ఇంతకన్నా మంచి టీచర్ నాకు దొరకలేదు!

చైనాలోని హెబేకి చెందిన పాతకాలం షింగ్‌యీ మాస్టర్ గువో యున్‌షెన్ పేరు ఇప్పటికీ చెప్పుకునేది ఈ సగం అడుగు బెంగ్ వల్లే. ఆయన దగ్గర నేర్చుకున్న సున్ లుతాంగ్ 1915లో వేసిన షింగ్‌యీ పుస్తకంలోనూ సాన్‌తీ అయ్యాకే పంచ్‌లు మొదలవుతాయి, అందుకే తొందరపడట్లేదు.

కుడి పంచ్‌లో నడుము, కాలు కలిసి వస్తున్నాయి, ఎడమలో భుజం ముందే లేస్తోంది. వచ్చే వారం ఎడమ రెట్టింపు, స్పీడ్ సగం, పీ ఆ తర్వాతే.