గ్లాసు మీద అట్టముక్క

శుక్రవారం. రాత్రి పదకొండున్నర. బయట వాన ఆగలేదు. గొడుగు స్నానాలగదిలో ఆరబెట్టి వచ్చి ఇది రాస్తున్నాను.

సాయంత్రం ఆరు దాకా ఈ రోజుకు డైరీలో రెండు వాక్యాలు కూడా దక్కేవి కావు. ఉదయం చెత్త సంచి కింద పెట్టాను, టోక్యో మెట్రో తోజాయ్ లైనులో ఊపిరాడకుండా నిలబడి ఆఫీసుకు వెళ్లాను, మధ్యాహ్నం దాకా ఒక పట్టికలో తేడా ఎక్కడ వచ్చిందో వెతికాను. దొరికింది. తప్పు నాదే.

ఆరు తర్వాతే అసలు రోజు మొదలైంది. జర్మనీలోని మా కొలోన్ ఆఫీసు నుంచి వారం రోజుల పని మీద వచ్చిన జర్మన్ మిత్రుడికి ఈ రోజు వీడ్కోలు. కందా స్టేషను దగ్గర, రైలు కట్ట కింద ఉన్న ఒక ఇజకాయాకు ఆరుగురం వెళ్లాం. ఇజకాయా అంటే తాగడానికీ, తాగుతూ చిన్న చిన్న పళ్లేల్లో తినడానికీ ఉన్న చోటు. పైన రైలు వెళ్లినప్పుడల్లా గోడ మీద తగిలించిన ధరల పట్టీలు వణుకుతాయి. నేను కొలోన్‌లో మూడేళ్లు, ఇక్కడ ఐదేళ్లు ఉన్నాను కాబట్టి ఇలాంటి చోట్ల దుబాసీ పని నాదే. పైగా నేను ఒక గ్లాసు మనిషిని. మాటలు తడబడవని అందరికీ నమ్మకం.

కూర్చోవడంలోనే సగం కథ ఉంది. తలుపుకు దూరంగా, లోపలి వైపు మా కచో గారు, అంటే మా విభాగం అధికారి, పక్కన అతిథి. తలుపు దగ్గర నిరుడు చేరిన కుర్రవాడు. ఆ చోటు ఊరికే ఇవ్వరు. వడ్డించే అమ్మాయిని పిలవాలి, పళ్లేలు అందుకోవాలి, ఎవరి గ్లాసు ఎంత తగ్గిందో కనిపెట్టాలి. పెళ్లి పందిట్లో గరిటె, బకెట్టు పట్టుకుని తిరిగే మేనల్లుడి పదవి లాంటిది.

"తోరియాయెజు, నామా!" అన్నారు కచో గారు. ముందుగా ఒక డ్రాఫ్ట్ బీరు, మిగతావి తర్వాత చూసుకుందాం అని అర్థం. వెంటనే మిగతావాళ్లమూ తలా ఒకటి చెప్పేశాం. మా జర్మన్ మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుని, ఏ ఏ రకాలు ఉన్నాయని అడిగాడు. రకాలేమిటి, నామా అంటే నామానే. పాపం, అతని బాధ అర్థమవుతుంది. కొలోన్‌కు నలభై కిలోమీటర్ల దూరంలో డ్యుసెల్‌డోర్ఫ్ ఉంది. అక్కడ తాగేది రాగి రంగు ఆల్ట్, కొలోన్‌లో తాగేది లేత పసుపు కోల్ష్. ఒక ఊళ్లో నిలబడి రెండో ఊరి బీరు అడిగితే ఆ పూట హాస్యానికి మీరే సరుకు. ఊరిని బట్టి బీరు మారే చోటు నుంచి వచ్చినవాడికి, ఏమిటో చూడకుండానే మిగతా అయిదుగురూ ఒకే మాట అనడం వింతగా ఉండదా? కానీ ఇక్కడ తొందర రుచి కోసం కాదు. అందరి గ్లాసులూ ఒకేసారి రావాలి, అందరూ కలిసి కంపాయ్, అంటే చీర్స్, అనాలి. అంతవరకూ ఎవరూ పెదవి తడపరు. ఒక్కరు తీరిగ్గా ఎంచుకుంటూ కూర్చుంటే అయిదుగురి నురగ చల్లారిపోతుంది.

కంపాయ్ దగ్గర చిన్న తమాషా జరిగింది. జర్మనీలో గ్లాసు తాకించేటప్పుడు ఎదుటివారి కళ్లలోకి చూడాలి. చూడకపోతే ఏడేళ్లపాటు పడకగదిలో దురదృష్టమని అక్కడ సరదాగా చెప్పుకుంటారు. ఇక్కడ కుర్రవాడి ధ్యాస అంతా కళ్ల మీద కాదు, గ్లాసు అంచు మీద. పెద్దవారి గ్లాసు కంటే తనది కాస్త కిందుగా ఉండాలి. జర్మన్ మిత్రుడు కుర్రవాడి కళ్ల కోసం వంగి వెతుకుతున్నాడు. కుర్రవాడు అతని గ్లాసు కంటే కిందికి వెళ్లడానికి ఇంకా వంగుతున్నాడు. ఇద్దరి మర్యాదా బల్ల అంచు దగ్గర ఆగింది.

రెండో విడతకు పెద్ద సీసాలు, అరచేతిలో ఇమిడే చిన్న గ్లాసులు వచ్చాయి. సీసా మీద 633 మిల్లీలీటర్లు అని ఉంది. మా జర్మన్ ఇంజనీరు కదా, అతని చూపు అక్కడే ఆగింది. 600 కాదు, 650 కాదు, ఈ 633 ఏమిటి? మన దగ్గర పెద్ద సీసా 650 అని నేను నా వంతు గందరగోళం కలిపాను. కచో గారు గొంతు సవరించుకున్నారు. ఈ కథ ఆయనకు ఇష్టం. 1940లో కొత్త మద్యం పన్ను చట్టం వచ్చినప్పుడు చూస్తే ఒక్కో కర్మాగారం సీసా ఒక్కో కొలతలో ఉంది. పన్ను లెక్కకు ఒకటే కొలత కావాలి. 1944లో, ఉన్నవాటిలో అన్నింటికంటే చిన్నదాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. పెద్ద సీసాలో తక్కువ పోయవచ్చు గానీ చిన్న సీసాలో ఎక్కువ పోయలేరు కదా. పాత సీసాలు పారేయనక్కర లేకుండా పని జరిగిపోయింది. నేను ఈ కథ నాలుగోసారి వింటున్నాను. ఇప్పటికీ బాగుంది.

పోయడం మొదలైంది. ఇక్కడ ఎవరి గ్లాసులో వారు పోసుకోరు. పక్కవారికి మనం పోయాలి, మనకు పక్కవారు పోస్తారు. సీసాను రెండు చేతులతో, లేబుల్ పైకి కనిపించేలా పట్టుకోవాలి. పోయించుకునేవారూ గ్లాసు రెండు చేతులతో ఎత్తి పట్టాలి. సాకే, అంటే బియ్యపు మద్యం, పోసుకునే పాత పద్ధతిని బీరుకు తొడిగారు. నేను వచ్చిన కొత్తలో ఒక రోజు దాహం వేసి సీసా అందుకుని నాకు నేనే పోసుకున్నాను. పక్కన కూర్చున్న ఆయన ముఖం తెల్లబోయి, "గమనించలేదు, క్షమించండి" అన్నాడు. నా స్వావలంబన ఆయన లోపమైంది. ఆ తర్వాత నెల రోజులు దాహం వేసినా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఈ పద్ధతిలో ఖాళీ గ్లాసు ఊరుకోదు, పోయమని అడుగుతుంది. చాలు అనుకుంటే గ్లాసు నిండుగా వదిలేయాలి. ఇది మా జర్మన్‌కు ముందే చెప్పి ఉండవలసింది. అలవాటు ప్రకారం గ్లాసును రెండు గుక్కల్లో ఖాళీ చేశాడు. కుర్రవాడు నింపాడు. మళ్లీ ఖాళీ చేశాడు. మళ్లీ నింపాడు. అయిదోసారికి అతని చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు తన ఊళ్లో ఎవరైనా చేసే పనే చేశాడు. గ్లాసు కింది అట్టముక్క తీసి గ్లాసు మీద మూతలా పెట్టాడు.

కొలోన్ బ్రౌహౌస్‌లలో, అంటే అక్కడి బీరుశాలల్లో, ఇదే చట్టం. అక్కడ కోల్ష్ గ్లాసు సన్నగా, పొడవుగా, 200 మిల్లీలీటర్లే పడుతుంది. వడ్డించేవాడిని కోబెస్ అంటారు, నీలం రంగు ఏప్రను కట్టుకుంటాడు, నోటి దురుసు అతని హక్కు. నేను మొదటిసారి మంచినీళ్లు అడిగితే, సబ్బు, తువ్వాలు కూడా కావాలా అన్నాడు. గ్లాసు ఖాళీ అయితే అడగకుండానే కొత్తది పెట్టి, అట్టముక్క మీద పెన్సిలుతో ఒక గీత గీసి వెళ్లిపోతాడు. గ్లాసు మీద అట్టముక్క పెట్టేదాకా ఆ గీతలు ఆగవు. ఆ గీతలే బిల్లు. చివర్లో కలిపి కడతారా, విడివిడిగానా అని అడుగుతాడు. విడివిడిగా అనడానికి అక్కడ ఎవరూ సిగ్గుపడరు.

కానీ ఇది కందా. కుర్రవాడు అట్టముక్కను చూశాడు, పొరపాటున అక్కడికి చేరింది అనుకున్నాడు, రెండు చేతులతో మర్యాదగా తీసి గ్లాసు కింద సరిగ్గా పెట్టి, బీరు నింపాడు. జర్మన్ నావైపు చూసిన చూపు నేను చాలాకాలం మరిచిపోను.

నిండుగా వదిలెయ్యి, ఇక పొయ్యరు అని చెవిలో చెప్పాను. "బీరును అలా వదిలేయడమా? నురగ చచ్చిపోతుంది!" అన్నాడు. సగం గ్లాసులోనే కొత్తది కలపడం అతని దృష్టిలో అంతకంటే ఘోరం. మొహమాటం అనే మాటను అతనికి అనువదించబోయి ఓడిపోయాను. జపానువాళ్లకు ఎన్‌ర్యో అనే మాట ఉంది, దాదాపు సరిపోతుంది. జర్మన్‌లో నాకు తెలిసినంతలో దొరకలేదు. బదులుగా మా అమ్మమ్మ వడ్డన గురించి చెప్పాను. తెనాలి దగ్గర మా ఊళ్లో చాలు అంటే ఎవరూ నమ్మరు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. అమ్మమ్మ దాన్నీ నమ్మేది కాదు. వేళ్ల సందుల్లోంచి నెయ్యి పోసేది. అతను పగలబడి నవ్వి, ఆ తర్వాత రెండు సార్లు గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. కందాలో అది బాగానే పనిచేసింది. ఇన్నేళ్లలో నాకు ఎందుకు తోచలేదో!

నురగ మీద మాత్రం రాజీ కుదరలేదు. కచో గారు ఏడు పాళ్లు బీరు, మూడు పాళ్లు నురగ ఉంటేనే అందం అంటారు. అతనేమో, తమ దగ్గర గ్లాసు మీద కొలత గీత ఉంటుందని, బీరు ఆ గీత దాకా రావాలని, నురగ దానిపైన అని వాదించాడు. డబ్బు ఇచ్చింది బీరుకు, గాలికి కాదు. అప్పుడు కచో గారు చరిత్ర తీశారు. 1876లో సప్పోరోలో ప్రభుత్వం పెట్టిన బీరు కర్మాగారానికి మొదటి నిపుణుడు నకగావా సెయిబేయి, ఆయన పని నేర్చుకున్నది జర్మనీలోనే. "చేయడం మీ దగ్గర నేర్చుకున్నాం. పోయడం మాది" అన్నారు. ఆయన మామూలుగా ఇంత బాగా మాట్లాడరు. బీరు మహిమ.

నాకు ఎక్కువ జ్ఞాపకం ఉండేది ఆ కుర్రవాడు. గంటన్నరపాటు అందరికీ పోసిన చేతులు, తన ముందు ఉన్నది ఊలాంగ్ టీ. ఈ వయసువాళ్లలో చాలామంది బీరు తాగడం లేదు, ఇప్పుడు ఎవరూ బలవంతపెట్టరు కూడా. చివరి బంతిలో తినే వడ్డనవాళ్లలాగా అతని పళ్లెంలో ఎడమామె (పచ్చి సోయా) గింజలు అలాగే ఉన్నాయి. ఎవరూ అతనికి పోయడం లేదని తోచి, టీ జగ్గు అందుకుని రెండు చేతులతో పోశాను. గ్లాసు చటుక్కున ఎత్తి పట్టుకున్నాడు, కొంచెం తొణికింది.

మాది రెండు గంటల నోమిహోదాయ్. తలకు ఇంత అని కట్టేసి, గడియారం తిరిగేదాకా ఎంత తాగితే అంత. అరగంట ముందు వచ్చి ఆఖరి ఆర్డరు చెప్పమన్నారు. కచో గారు కాస్త ఎక్కువ వేసుకున్నారు, మిగతాది సమానంగా పంచుకున్నాం. టీ తాగినవాడికీ అదే లెక్క, అది నాకు ఎప్పుడూ నచ్చదు. ముగింపు పద్ధతి ప్రకారం లేచి నిలబడి, "ఇయో!" అని, అందరం కలిసి ఒకే ఒక్క చప్పట కొట్టాం. అంతే, అయిపోయింది. జర్మన్ మాత్రం రెండోది కూడా కొట్టాడు, ఒంటరిగా.

స్టేషను దాకా అతన్ని దిగబెట్టాను. గిన్జా లైను మెట్ల దగ్గర ఆగి, జేబులోంచి అట్టముక్క తీసి చూపించాడు. అలవాటు కొద్దీ తెచ్చుకున్నాడట. పెన్సిలుతో గీతలు ఉన్నాయి. మొదట నాలుగు, నిటారుగా, శుభ్రంగా. అయిదోది సగం గీసి ఆపేశాడు. దాని పక్కన ఒక ప్రశ్నార్థకం.

"గ్లాసు ఖాళీ కాకపోతే ఎలా లెక్కపెడతాం?" అన్నాడు.