పీట మీద నుంచి లేవలేకపోయిన రోజు తర్వాత

నిరుడు శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం అయ్యాక పీట మీద నుంచి లేవబోయాను. కాళ్లు సహకరించలేదు. కోడలు చంకల కింద చేతులు వేసి లేపింది. అప్పటికి నాకు 67 ఏళ్లు. రోజూ పొద్దున్నే అరగంట నడుస్తాను కదా, మరి ఇదేమిటని చాలా బాధేసింది.

మోకాళ్లు అరిగాయేమోనన్న టెన్షన్‌తో హనుమకొండలో ఒక ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు గుండెల మీద కట్టుకోమంది. అలా చేతి ఊతం లేకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలనో లెక్కపెట్టింది. ఏడుసార్లు. 65 నుంచి 69 ఏళ్ల ఆడవాళ్లు కనీసం 11 సార్లు లేవాలట. తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువట. "నడక గుండెకు మంచిదేనమ్మా. తొడల్లో బలం రావాలంటే మాత్రం వాటి మీద బరువు పడాలి" అంది.

రోజు విడిచి రోజు పది నిమిషాలు చాలంది. గోడకు ఆనించిన కుర్చీలో ఎనిమిదిసార్లు లేచి కూర్చోవడం, కాస్త ఆగి మళ్లీ ఎనిమిది. గోడ మీద అరచేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి తోసుకోవడం. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని మోచేతులు మడవడం. వంటగట్టు పట్టుకుని మడమలు లేపడం మాత్రం కుక్కర్ విజిల్ కోసం నిలబడ్డప్పుడే చేసేస్తాను.

మొదటి వారం ఆత్రంతో రోజూ ఇరవైసార్లు లేచి కూర్చున్నాను. మూడో రోజుకి మెట్లు దిగలేకపోయాను. నాలుగు రోజులు మానేసి, కుర్చీలో గట్టి దిండు వేసి ఎత్తు పెంచుకుని మళ్లీ మొదలుపెట్టాను. నెల తర్వాత దిండు తీసేశాను.

ఇంకో తప్పు, లేచేటప్పుడు ఊపిరి బిగపట్టడం. ఒకసారి కళ్లు తిరిగాయి. నాకు బీపీ ఉంది, ఊపిరి బిగపడితే అది ఇంకా పెరుగుతుందని అప్పుడే తెలిసింది. అప్పటి నుంచి పైకి లేస్తూ అంకె గట్టిగా చెబుతాను. నోరు తెరిచి లెక్కపెడుతుంటే ఊపిరి దానంతటదే బయటికి వస్తుంది.

నా మటుకు లేవడం కన్నా కూర్చోవడమే కష్టం. కుర్చీలో ధబీమని కూలబడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. తొడలు వణుకుతాయి. అసలు పని జరిగేది అక్కడే, దాన్ని మాత్రం ఎవరూ వదలొద్దు.

తిండి కూడా చూసుకున్నాను. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఒంటి బరువు కిలోకి రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. నా 58 కిలోలకు దాదాపు 48 గ్రాములు. చారన్నంతో అది ఎక్కడ వస్తుంది? పొద్దున పెసరట్టు, సాయంత్రం ఉడికించిన శనగలు, రెండు పూటలా పప్పు, పెరుగు తప్పనిసరి చేశాను.

30 సెకన్లలో లేచి కూర్చోవడం ఆరో వారానికి తొమ్మిదిసార్లకు వచ్చింది. మూడు నెలలకు పన్నెండు. ఈ ఏడాది వ్రతం రోజున కోడలు అలవాటుగా చేయి అందించింది. "ఉండమ్మా" అని ఒక మోకాలు ముందుకు పెట్టి, దాని మీద చేయి ఆనించి నేనే లేచాను. కోడలి కళ్లలో నీళ్లు.

ఒంటికాలి మీద నిలబడటం ఇంకా సరిగ్గా కుదరడం లేదు. కుడికాలి మీద పది సెకన్లు ఆగుతాను, ఎడమకాలి మీద ఆరు దాటలేదు. వంటగట్టు మీద చేయి ఉంచే ప్రయత్నిస్తున్నాను.