జిప్సీ ఇంజనుకి స్ట్రోకు పెంచాం: మూడో సిలిండర్ నేర్పిన పని

పాత మారుతి జిప్సీ జీపు ఇంజనుకి స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, పెంచాలని దిగినప్పుడు, పార్టులు చేతికొస్తే సగం పని అయిపోయినట్టే అనుకున్నాను. బండి రోడ్డు మీద తిప్పడానికి కాదు, ఆఫ్‌రోడ్ పోటీలకి. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మేస్త్రి గారి షెడ్డులో పెట్టాం. పార్టులన్నీ వచ్చాక ఇంకో రెండు నెలలు పట్టింది.

ఆ ఇంజను 1298 సీసీ. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 74 మి.మీ., స్ట్రోకు 75.5. బోరు జోలికి పోకుండా, పిస్టన్ల కదలికని తిరుగుడుగా మార్చే ఇరుసు, క్రాంకునే మార్చాం. పిస్టన్‌ని క్రాంకుకి కలిపే రాడ్డు పట్టుకునే పిన్నుని 4 మి.మీ. సన్నం చేస్తూ, ఆ లోహమంతా క్రాంకు మధ్యవైపు నుంచే తీయించాం. దాంతో పిన్ను కేంద్రం 2 మి.మీ. బయటికి జరిగింది, స్ట్రోకు 79.5 అయింది, ఇంజను 1367 సీసీకి వచ్చింది. పిస్టన్ 2 మి.మీ. పైకి పోతుంది కాబట్టి గడ్జన్ పిన్ను (పిస్టన్‌ని రాడ్డుకి కలిపేది) రంధ్రం అంతమేర పైకి ఉన్న పిస్టన్లు, సన్నటి పిన్నుకి సరిపోయే రాడ్లు ఆర్డరిచ్చి చేయించాను.

రింగులు లేకుండా, ఒక్కో పిస్టన్నే వేసి ట్రయల్ ఫిట్టింగ్ చేశాం. ఒకటో సిలిండర్ వేసి క్రాంకు తిప్పితే ఎక్కడా తగల్లేదు. ఇక అన్నీ బిగించేద్దామన్నాను.

"ఒకటి చూసి నాలుగూ చూశానంటే ఎట్టా అబ్బాయ్? ఒక్కోటీ వేసి చూడు" అన్నారు మేస్త్రి గారు.

రెండోది బాగానే ఉంది. మూడోది తిప్పుతుంటే సగం దాకా వచ్చి, చిన్నగా టిక్‌మని ఆగింది. రాడ్డు బోల్టు తల లైనరు (సిలిండర్ లోపలి గొట్టం) కింది అంచుకి తగులుతోంది. కొత్త రాడ్ల బోల్టులు పాతవాటికన్నా లావు, పైగా ఆ లైనరు అంచు మిగతావాటికన్నా కాస్త కిందికి ఉంది. ఆయన మాట వినకుండా అన్నీ బిగించి సెల్ఫు కొట్టి ఉంటే బ్లాకు పగిలినా పగిలేది. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

తగిలేచోట మార్కరు పూసి, చిన్న గ్రైండరుతో కొంచెం కొంచెంగా అరగదీశాను. ఒకటిన్నర మి.మీ. డ్రిల్ బిట్టు తోక ఆ సందులో సులువుగా దూరాలన్నది మేస్త్రి గారి కొలత. పిస్టన్ బాగా కిందికి దిగినప్పుడు దాని అంచుకీ క్రాంకు మీది బరువు దిమ్మెకీ మధ్య కూడా అదే బిట్టుతో చూశాం. పిస్టన్ మునుపటికన్నా 4 మి.మీ. దిగుతోంది మరి. తర్వాత ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ తీసి, సబ్బునీళ్లూ బ్రష్షుతో ఒక పూటంతా కడిగాను. అరగదీసిన పొడి ఒక్క నలుసు మిగిలినా కొత్త బేరింగులు పాడైపోతాయి.

మేలో షెడ్డు రేకులు కాలిపోతుంటాయి. ఎండలో ఉన్న క్రాంకుని కొలిస్తే లెక్క తప్పుతుందని, క్రాంకునీ మైక్రోమీటరునీ రాత్రంతా ఒకేచోట ఉంచి పొద్దున్నే కొలిచేవాళ్లం. బేరింగ్ సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ పోగు (నలిగిన వెడల్పుని బట్టి సందు ఎంతో చెప్పే మెత్తటి దారం) పెట్టి, టార్క్ రెంచితో బిగించి, క్రాంకు కదలకుండా విప్పాం. రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) లోపే వచ్చింది.

రింగుల పని త్వరగానే అయింది. 74 బోరుకి రింగు రెండు కొసల మధ్య సందు 0.30 మి.మీ. ఉండాలనుకున్నాం. రెండింటికి 0.20 వస్తే ఆకురాయితో రాసుకున్నాను. వేడికి కొసలు ఒకదానికొకటి తగిలితే రింగు విరుగుతుంది.

ఆఖరున, వాల్వులకీ పిస్టన్‌కీ మధ్య ఎంత సందు ఉందో చూడటానికి పిల్లలు ఆడుకునే క్లే పిస్టన్ తల మీద అంటించి, పాత గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి, టైమింగ్ బెల్టు వేసి రెండు చుట్లు తిప్పాం. హెడ్డు తీసి, క్లేని బ్లేడుతో కోసి మందం కొలిచాం. ఇన్‌టేక్ వాల్వు దగ్గర 2.4 మి.మీ., ఎగ్జాస్ట్ దగ్గర 2.1. వేడెక్కితే ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ సాగుతుంది, అక్కడ రెండున్నరైనా ఉండాలి. నాలుగు పిస్టన్లనీ మళ్లీ లేత్ షాపుకి పంపి వాల్వుల కోసం తల మీద ఉండే గుంటలు లోతు చేయించి, బరువులు మళ్లీ సమానం చేయించాను.

స్టార్ట్ చేసే రోజు ముందుగా స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆయిల్ దీపం ఆరేదాకా సెల్ఫు కొట్టాం. ప్లగ్గులు పెట్టి తాళం తిప్పితే రెండో ప్రయత్నంలో అందుకుంది. మేస్త్రి గారు పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బ్లాకుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నారు.

"మూడోది కూడా శుభ్రంగా ఉంది" అన్నారు.